పన్నెండు కంటే పదకొండు పెద్దదైన రోజు
(ఓటూ – వాడా: 6వ భాగం)



పోయిన వారం డిగ్రీ పిల్లలకు సమాసాలు చెప్తున్నాను. ఉదాహరణకు ‘ఏకగ్రీవం’ అన్న మాట బోర్డు మీద రాశాను. ఏక అంటే ఒకటి, గ్రీవ అంటే మెడ. ఏకగ్రీవం అంటే ఒకే మెడ. అందరూ ఒకే మెడలాగా ఒకవైపు తిరగడం అని చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక పిల్లోడు లేచి, “అందరి మెడలూ ఒకటి కావడమా సార్, ఒక్కడి మెడ తప్ప మిగతావి వంగిపోవడమా?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నవ్వు ఆగాక ముందు వరసలోని ఒక అమ్మాయి అడిగింది. “అది సరే సార్. మన మైదుకూరులో ఏకగ్రీవం కాలేదు గదా, పోటీనే జరిగింది గదా. పన్నెండు వార్డులు గెల్సినోళ్లు ఎట్ల ఓడిపోయిరి? పదకొండు గెల్సినోళ్లు ఎట్ల గెల్సిరి?”

అంతలో గంట కొట్టారు. ఆ అమ్మాయికి నేను బాకీపడిన జవాబే ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం.

2021 మార్చి 10న రాష్ట్రంలో పురపాలక ఎన్నికలు జరిగాయి. నిజానికి అవి 2020లో జరగాల్సినవి. నామినేషన్లు అయ్యాక కరోనాతో ఆగిపోయి, ఏడాది తర్వాత ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలయ్యాయి. మార్చి 14న ఓట్లు లెక్కపెట్టారు. రాష్ట్రమంతా ఒకే గాలి వీచింది. వైఎస్సార్ కాంగ్రెస్ దాదాపు అన్ని పట్టణాలూ గెలిచింది. ఆ గాలికి నిలబడినవి రెండే రెండు పట్టణాలు. ఒకటి తాడిపత్రి, రెండోది మన మైదుకూరు. రెండూ సీమవే.

మైదుకూరులో 24 వార్డులు. తెలుగుదేశం 12, వైఎస్సార్ కాంగ్రెస్ 11, జనసేన 1. ఏ పార్టీకీ సగం దాటలేదు.

మార్చి 18న చైర్మన్ ఎన్నిక. సర్పంచిని ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది. పురపాలక చైర్మన్ని మాత్రం సభ్యులే ఎన్నుకుంటారు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ గదిలో ఓటుండేది వార్డుల్లో గెలిచినవాళ్లకే కాదు. ఆ పట్టణం ఏ నియోజకవర్గంలో ఉందో ఆ ఎమ్మెల్యేకి, ఎంపీకి కూడా ఓటుంటుంది. వాళ్లను ఎక్స్‌అఫీషియో సభ్యులంటారు. అప్పుడు ఇద్దరూ వైఎస్సార్ కాంగ్రెస్ వారే. 11కు 2 కలిస్తే 13.

అటువైపు 12కు జనసేన 1 కలిసినా 13 అయ్యేది. సమానమైతే చీటీ తీయాలి. కానీ ఆ రోజు తెలుగుదేశం నుంచి ఒకరు రాలేదు. జనసేన సభ్యుడూ రాలేదు. 13కు ఎదురుగా 11 మిగిలింది. కుర్చీ వైఎస్సార్ కాంగ్రెస్‌కు పోయింది. తాడిపత్రిలో ఎక్స్‌అఫీషియో ఓట్లు కలిపినా లెక్క సరిపోలేదు. తెలుగుదేశం 18కి సీపీఐ ఒకటి, స్వతంత్రుడు ఒకరు తోడయ్యారు. అక్కడ కుర్చీ తెలుగుదేశానిదే అయింది.

ఇదేదో ఒక పార్టీ మీద ఫిర్యాదు అనుకోకండి. ఈ నిబంధన ఎవరు అధికారంలో ఉంటే వాళ్లకు పనికొస్తుంది. నిన్న వాడుకున్నవాళ్లను చూసి ఇవాళ ఏడ్చేవాళ్లు, రేపు తామే వాడుకుంటారు. నేను చూడమంటున్నది పార్టీని కాదు, గదిని. పట్టణం వేసిన ఓటు ఆ గదిలోకి వెళ్లాక రెండు చోట్ల మారింది. ఒకటి, వార్డుల్లో పోటీ చేయనివాళ్ల ఓట్లు వచ్చి కలిశాయి. రెండు, వార్డుల్లో గెలిచినవాళ్ల చేతులు రెండు లేవలేదు.

ఈ రెండూ మనకు కొత్తవి కావు. వాడ చరిత్ర తెలిసినవాళ్లకు ఇవి చాలా పాత పరిచయాలు.

*

వార్డు, కౌన్సిలు, చైర్మన్ అనే ఈ సరంజామా మనకు ఇంగ్లండు నుంచి వచ్చింది. 1882 మే 18న వైస్రాయి రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. మన పొలాల పక్కన పారే కేసీ కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ నుంచి సర్కారు కొనుక్కున్నదీ ఆ ఏడాదే. నీళ్లూ కౌన్సిలూ ఒకేసారి సర్కారు దారిలోకి వచ్చాయి. రెండూ వాడ దాకా రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఇంగ్లండులో ఆ పద్ధతికి పునాది 1835 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం. అందులోనూ ఒక తిరకాసు ఉండేది. పన్ను కట్టేవాళ్లు కౌన్సిలర్లను ఎన్నుకునేవారు. ఆ కౌన్సిలర్లు మళ్లీ ఆల్డర్మెన్ అనే పెద్దమనుషుల్ని ఎన్నుకునేవారు. సభలో నాలుగో వంతు వాళ్లే. పదవి ఆరేళ్లు. జనం దగ్గరికి పోయి ఓటు అడగాల్సిన పనిలేదు గానీ సభలో ఓటు మాత్రం ఉండేది. వార్డుల్లో ఓడిన పార్టీ ఆల్డర్మెన్ బలంతో నగరాన్ని తన చేతిలో ఉంచుకోగలిగేది. ఆ పద్ధతి తప్పని ఒప్పుకోవడానికి వాళ్లకు దాదాపు నూటనలభై ఏళ్లు పట్టింది. 1972లో చేసిన చట్టంతో అది పోయింది. ఇవాళ ఇంగ్లండులో ఒక నగరంలో ఏ పార్టీకీ మెజారిటీ రాకపోతే, వార్డుల్లో గెలిచినవాళ్లే కూర్చుని మాట్లాడుకోవాలి. అక్కడి ఎంపీ వచ్చి చెయ్యెత్తడానికి లేదు.

మనమేం చేశాం? 1992లో పార్లమెంటు 74వ రాజ్యాంగ సవరణ చేసింది. 1993 జూన్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. వార్డు సభ్యుల్ని జనం నేరుగా ఎన్నుకోవాలని చెప్పిన 243ఆర్ అధికరణమే, ఎంపీలకూ ఎమ్మెల్యేలకూ చోటివ్వొచ్చని రాష్ట్రాలకు వదిలేసింది. నిపుణులుగా నామినేట్ అయ్యేవాళ్లకు ఓటు లేదని స్పష్టంగా రాసింది. ఎంపీ, ఎమ్మెల్యేల విషయంలో ఆ అడ్డు పెట్టలేదు. వాళ్లుంటే నిధులొస్తాయి, సమన్వయం ఉంటుంది అనే వాదన ఉంది. అందులో కొంత నిజమూ ఉంది. సలహా ఇవ్వనీ, సభలో మాట్లాడనీ. కానీ ఒక వార్డు ఎంత పోట్లాడి తెచ్చిన ఓటుకైనా సమానమైన ఓటు, ఆ వార్డుల్లో ఎక్కడా పోటీ చేయకుండా ఎందుకు రావాలి?

*

ఇప్పుడు మన సంగతికి వద్దాం.

రిప్పన్ తెచ్చిన ఓటు పన్ను కట్టేవాడి ఓటు. ఇల్లు, ఆస్తి ఉన్నవాడి ఓటు. ఊరి బయట, ఎవరి పేరునా పట్టాలేని నేలలో గుడిసె వేసుకున్నవాళ్లు ఆ జాబితాలోకి ఎట్లా వస్తారు? కాబట్టి మనవాళ్లు మొదట సభల్లోకి వెళ్లింది ఓటుతో కాదు, నామినేషన్‌తో. మద్రాసు శాసనమండలికి ఎం.సి. రాజా వెళ్లింది అట్లాగే. నామినేషన్ అంటే కుర్చీ వేసినవాడి దయ. కుర్చీ వేసినవాడి ముఖం చూసే మాట్లాడాలి. అయినా మాట్లాడినవాళ్లు ఉన్నారు. అది వాళ్ల ధైర్యం, పద్ధతి గొప్పతనం కాదు.

అంబేద్కర్‌కు ఇది మొదటి నుంచీ తెలుసు. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు ఆయన అడిగింది ఓటు అర్హత తగ్గించమనీ, మా ప్రతినిధుల్ని మేమే ఎన్నుకుంటామనీ. 1932 సెప్టెంబరు 24 నాటి పూనా ఒప్పందం గురించి మాట్లాడేటప్పుడు మనం శాసనసభల సీట్ల దగ్గరే ఆగిపోతాం. అందులో స్థానిక సంస్థల మాట కూడా ఉంది. అణగారిన వర్గాలకు అక్కడ న్యాయమైన ప్రాతినిధ్యం కోసం ప్రయత్నం చేస్తామని రాసుకున్నారు. గమనించండి, శాసనసభల్లో సీట్లకు లెక్క ఉంది. స్థానిక సంస్థల దగ్గరికి వచ్చేసరికి ‘ప్రయత్నం’ మాత్రమే ఉంది. ఆ తర్వాతి నెలలోనే బొంబాయి మండలిలో గ్రామ పంచాయతీల బిల్లు వచ్చింది. మాకు ప్రత్యేకంగా సీట్లు లేకుండా పంచాయతీకి అధికారాలిస్తే, అది మా నెత్తిన ఊరి పెత్తనాన్ని చట్టంగా పెట్టడమే అవుతుందన్న వాదనతో అంబేద్కర్ దాన్ని ఎదిరించారు.

ఎందుకంత పట్టుబట్టారు? మహాడ్ చూసొచ్చిన మనిషి కాబట్టి.

మహాడ్ అనగానే మనకు 1927 మార్చి 20 గుర్తొస్తుంది. చవదార్ చెరువు, దోసిట్లో నీళ్లు. దానికి ముందూ వెనకా ఒక పురపాలక సంఘం ఉందని మర్చిపోతాం. ప్రభుత్వ చెరువులు, బావులు అందరికీ తెరవాలని 1923లో బొంబాయి మండలి తీర్మానించింది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ ఆ మేరకు తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. మూడేళ్లు ఒక్క చుక్క మనకు దక్కలేదు. మనవాళ్లు వెళ్లి నిజంగా తాగాక ఏమైంది? 1927 ఆగస్టులో అదే మునిసిపాలిటీ కూర్చుని తన తీర్మానాన్ని తనే రద్దు చేసుకుంది. తర్వాత కోర్టులో తేలడానికి 1937 దాకా పట్టింది.

అంటే నీళ్లు తెరిచిందీ కౌన్సిలే, మూసిందీ కౌన్సిలే. ఆ గదిలో ఎన్ని చేతులు లేచాయన్నదే మన దాహాన్ని నిర్ణయించింది. కౌన్సిల్ ఫలితాలు మనకెందుకు అనేవాళ్లకు నా దగ్గరున్న జవాబు ఇదే.

*

ఇప్పుడు సీట్లున్నాయి. 243టి అధికరణం ప్రకారం జనాభా దామాషాలో ఎస్సీ, ఎస్టీలకు వార్డులు కేటాయించాలి. ఆడవాళ్లకు కనీసం మూడో వంతు ఇవ్వాలి. మన రాష్ట్రం దాన్ని సగానికి పెంచుకుంది. చైర్మన్ పదవుల్లోనూ రిజర్వేషన్ ఉంది. ఇది చిన్న సంగతి కాదు. రాజా నామినేషన్ నుంచి మన అక్కలు వార్డు గెలిచే దాకా నడిచిన దూరం అది.

కానీ సీటుకూ చేతికీ మధ్య ఇంకా దూరం ఉంది.

ఓటరు రహస్యంగా ఓటేస్తాడు. ఇంగ్లండులో 1872 దాకా అదీ లేదు. నలుగురి ముందూ పేరు చెప్పి ఓటేయాలి. భూస్వామి చూస్తుండగా కౌలుదారు ఏ పేరు చెప్తాడు? అందుకే రహస్య బ్యాలెట్ తెచ్చారు. మన కౌన్సిల్లో చైర్మన్ ఎన్నిక ఇప్పటికీ చేతులెత్తి చేస్తారు. పైన పార్టీ విప్ ఉంటుంది. పార్టీ ఫిరాయింపు ఆపడానికి అది కావాలంటారు. నిజమే కావచ్చు. అయితే రిజర్వు వార్డులో పార్టీ టికెట్ మీద, పార్టీ ఖర్చు మీద గెలిచి, ఆ నాయకుడి పొలంలోనే కూలికి పోయే కుటుంబం నుంచి వచ్చిన సభ్యురాలు, ఆ నాయకుడి ఎదుటే చెయ్యి ఎత్తాలి. ఆ చెయ్యి ఎవరిది? మెజారిటీ పార్టీ సభ్యుల చేతులే లేవకుండా పోయిన గదిలో, ఆ ఒంటరి చెయ్యి ఎంత బరువు మోయగలదు?

ఇది పోటీ జరిగిన చోటి మాట. పోటీయే జరగని చోట్లున్నాయి. అదే 2021లో పులివెందులలో 33కి 33, పుంగనూరులో 31కి 31, మాచర్లలో 31కి 31, పిడుగురాళ్లలో 33కి 33 వార్డులూ ఏకగ్రీవం. పంచాయతీల్లోనైతే ఏకగ్రీవానికి ప్రభుత్వమే నజరానా ప్రకటించింది. జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా. గొడవలు తగ్గుతాయి, ఖర్చు మిగులుతుంది అన్నారు. మంచిదే. కానీ రిజర్వు స్థానంలో ఏకగ్రీవం అంటే ఏమిటో సీమలో పుట్టినవాళ్లకు వివరించాలా? రచ్చబండ మీద పెద్దమనుషులు ఒక పేరు అనుకుంటారు. ఆ పేరు మనదే. అనుకున్నది మాత్రం మనం కాదు. పేరు మారిన నామినేషన్ అది.

ఆ మాట వినకుండా నిలబడితే ఏమవుతుందో తమిళనాడులోని మేలవళవు చెప్పింది. పంచాయతీ అధ్యక్ష పదవి ఎస్సీలకు రిజర్వు అయితే మురుగేశన్ నిలబడి గెలిచాడు. 1997 జూన్ 30న ఆయన్నూ, ఆయనతో ఉన్న మరో ఐదుగురినీ చంపేశారు. క్లాసులో ఆ పిల్లోడు ‘మెడ’ అన్నప్పుడు నా నవ్వు మధ్యలో ఆగింది అందుకే.

*

ఇన్ని అడ్డంకులున్నా ఆ గది ఎందుకు వదులుకోకూడదు?

రాజ్యాంగం 12వ షెడ్యూలు తీసి చదవండి. పట్టణ సంస్థల పనులు 18 ఉన్నాయి. తాగునీళ్లు, పారిశుధ్యం, మురికివాడల మెరుగుదల, వీధి దీపాలు, శ్మశానాలు, బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ. ఇది పట్టణం జాబితాలా కనపడుతుంది. నా కళ్లకు ఇది వాడ అర్జీల జాబితా. తరతరాలుగా మనం చేతులు కట్టుకుని అడిగినవన్నీ ఆ గదిలో ఎజెండాలో నంబర్లుగా వస్తాయి. పొద్దున్నే చీపురు పట్టేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. వాళ్లకు గ్లౌజులు, బూట్లు ఇచ్చారా లేదా అన్న లెక్కా ఆ గదిలోనే అడగాలి.

అందుకే ఫలితాలొచ్చిన రోజు టీవీలో పార్టీల అంకెలు చూసి ఆగిపోవద్దు. విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తాను. మీ వార్డు రిజర్వు అయితే, పేరు ఎవరు ప్రతిపాదించారో అడగండి. వాడ కూర్చుని అనుకుందా, వేరే గడపలో అనుకున్నారా? గెలిచాక కౌన్సిల్ సమావేశం మినిట్స్ సమాచార హక్కు చట్టం కింద తీసుకోండి. మీ సభ్యురాలు ఎన్నిసార్లు మాట్లాడిందో, ఏ తీర్మానానికి చెయ్యెత్తిందో చదవండి. ఆమెను నిలదీయడానికి కాదు. ఆమె వెనక మనం ఉన్నామని గదిలోని మిగతావాళ్లకు తెలియడానికి. చెయ్యి ఒంటరిదైతే ఎవరైనా దించగలరు. వెనక వాడ నిలబడితే దించడం కష్టం.

మరుసటి రోజు ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను. పన్నెండు, పదకొండు, పదమూడు బోర్డు మీద వేసి చూపించాను. శ్రద్ధగా విన్నది. చివర్లో నెమ్మదిగా అన్నది.

“లెక్క అర్థమైంది సార్. కానీ మా వార్డు మెంబరు ఎవరో నాకు తెలీదు.”

క్లాసులో ఎంతమందికి తెలుసని అడిగాను. లేచిన చేతులు నాలుగు.

మన పని అక్కడ మొదలవుతుంది.

జై భీమ్.

(తర్వాతి భాగం: శ్మశానం – ఎజెండాలో నంబరు)