పిల్లల ఆహారపు అలవాట్లు: మందిర్ హసౌద్ ప్రాంతం

మందిర్ హసౌద్ ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్ జిల్లాకు చెందిన పట్టణం. ఇక్కడి పిల్లల ఆహారపు అలవాట్లను ఇంటి వంట, కుటుంబ ఆదాయం, తల్లి ఆరోగ్యం, అంగన్‌వాడీ, బడి, అంగడి కలిసి తీర్చిదిద్దుతాయి.

ఇది వరి పండే సీమ. అన్నం, బియ్యప్పిండితో చేసే చీలా, ఫరా, మన చద్దన్నాన్ని పోలిన బోరే బాసీ, ఆకుకూరలు ఇక్కడి సంప్రదాయ ఆహారం. పప్పు, పాలు, గుడ్లు, పండ్లు తగినంత లేక అన్నంతోనే కడుపు నిండితే మాంసకృత్తులు, ఇనుము, విటమిన్లు కొరవడతాయి. భోజనంతో పాటు టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. చిరుతిళ్ల పొట్లాలు ఆకలిని చంపి ఉప్పు, చక్కెర, కొవ్వులను పెంచుతాయి. కలుషిత నీరు, నులిపురుగుల వల్ల తిన్న తిండి ఫలితం తగ్గుతుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 34.6 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, 31.3 శాతం మంది తక్కువ బరువుతో ఉన్నారు. 6–59 నెలల పిల్లల్లో 67.2 శాతం మందికి రక్తహీనత ఉంది.

1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల కింద అంగన్‌వాడీలు పోషకాహారం అందిస్తున్నాయి. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం ఉంది. పోషకాహార లోపం, రక్తహీనతల నివారణకు రాష్ట్ర ప్రభుత్వం 2019 అక్టోబరు 2న ముఖ్యమంత్రి సుపోషణ్ అభియాన్ చేపట్టింది.

మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, ఆ తర్వాత తల్లిపాలతో పాటు రకరకాల ఇంటి ఆహారం అలవాటు చేయడం మంచి ఆరోగ్యానికి పునాది.