నోరు విప్పే ధైర్యం ఎవరిస్తారు?



మన ఏలూరు తివాచీలకు తరతరాలుగా పేరుంది. పెద్ద తివాచీ ఒక్కరి చేతి పని కాదు. ఒకే మగ్గం ముందు నలుగురైదుగురు వరుసగా కూర్చుని ఒక్కొక్క ముడీ వేసుకుంటూ పోవాలి. ఎవరి చేతిలోనైనా రంగు తప్పితే పక్కవాళ్ళు వెంటనే చెప్పాలి. అప్పుడైతే నాలుగు ముడులు విప్పితే సరిపోతుంది. ఊరుకున్నారో, ఆ తప్పు తివాచీ ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. మరి తప్పినది పెద్ద పనివాడి చెయ్యి, చూసినది కొత్తగా చేరిన పిల్ల అయితే? చెబుతుందా, తల వంచుకుంటుందా?

తప్పు చూపినా, తెలియదన్నా తనను చిన్నబుచ్చరన్న నమ్మకాన్ని ఈనాడు ఆఫీసుల్లో 'మానసిక భద్రత' అంటున్నారు. మాట కొత్తదే గాని సంగతి పాతదే.

ఏలూరులో రైలెక్కి తాడేపల్లిగూడెం, రాజమండ్రి మీదుగా పోతే కాకినాడ వస్తుంది. 1923 డిసెంబరులో అక్కడ కాంగ్రెసు మహాసభ జరిగింది. పక్కనే ఖాదీ ప్రదర్శన. టిక్కెట్టు లేనిదే ఎవరినీ లోపలికి పంపవద్దని వాలంటీరుగా ఉన్న 14 ఏళ్ళ దుర్గాబాయికి చెప్పారు. ఇంతలో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. చేతిలో టిక్కెట్టు లేదు. ఆ పిల్ల ఆపేసింది! నిర్వాహకులు టిక్కెట్టు కొన్న తరువాతే దారి వదిలింది. నెహ్రూగారు నొచ్చుకోలేదు సరికదా, మెచ్చుకున్నారు. ఆయనే కసిరి ఉంటే, పెద్దల ముందు నియమం మాట ఎత్తకూడదని అక్కడున్న వాలంటీర్లందరూ నేర్చుకునేవారు కదా! ఆ దుర్గాబాయే 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు, తరువాత రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు.

పెద్దలు వినకపోతే ఏమవుతుందో కూడా చూద్దాం. కొల్లేట్లో తాటిదోనె మీద పోతుంటే, అడుగున నీరు ఊరడం చూసినవారు చిన్నా పెద్దా చూడకుండా కేకవేస్తారు. 1977 మార్చి 27న టెనెరీఫ్ దీవి విమానాశ్రయంలో పొగమంచు కమ్మింది. ఒక విమానం పరుగు మొదలుపెట్టింది. ముందున్న విమానం దారి తొలగిందా అని ఆ విమానంలోని ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు. తొలగిందని కెప్టెన్ గట్టిగా అనేశాడు. ఎంతో అనుభవమున్న కెప్టెన్! ఇంజనీరు మళ్ళీ రెట్టించలేదు. రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు. ఆ తరువాతి ఏళ్ళలో, కిందివారు సందేహం గట్టిగా చెప్పడం, కెప్టెన్ వినడం కూడా విమాన సిబ్బంది శిక్షణలో చేరాయి.

1990లలో అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రులలో మందుల పొరపాట్లను పరిశీలించారు. కలిసికట్టుగా పనిచేసే బృందాలలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకున్నారు. తీరా చూస్తే అక్కడే ఎక్కువ నమోదయ్యాయి! వాళ్ళు ఎక్కువ తప్పులు చేయడం వల్ల కాదు, భయం లేకుండా చెప్పుకోవడం వల్ల అని ఆమెకు తోచింది. తక్కిన చోట్ల నర్సులు దాచిపెడుతున్నారన్నమాట. దాచిన తప్పును ఎవరు దిద్దుతారు చెప్పండి?

అలాగని తప్పుకు లెక్క లేదని కాదు. చెప్పినవారిని ముందు విని, తరువాత తప్పు సరిదిద్దాలి. ధైర్యం చెప్పే వారిలోనే ఉంటే చాలదు. వినే వారి ముఖం చూసి అది పుడుతుంది, ముఖం చూసే చచ్చిపోతుంది.

మన ఇల్లూ పదిమంది పనిచేసే చోటే. పనిమనిషి పగిలిన గాజుగిన్నెను చెత్తబుట్ట అడుగున దాచిందంటే, గిన్నె ఖరీదు కన్నా మన కోపం ఖరీదే ఆమెకు ఎక్కువగా కనిపించిందన్నమాట. ఈసారి ఎవరైనా "అమ్మా, పొరపాటైంది" అంటూ వస్తే, మొదటి మాట మనం ఏమంటామో కాస్త ఆలోచించుకుందాం.