‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చివరి సీజన్: రాతపై వీక్షకుల తగవు

2019 మే 19 ఆదివారం రాత్రి హెచ్‌బీఓలో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ 73వ ఎపిసోడ్ ప్రసారమైంది. అదే ఆఖరిది. మన దేశంలో హాట్‌స్టార్ చందాదారులు సోమవారం పొద్దున్న ఆరున్నరకే చూశారు. అమెరికాలో ఆ రాత్రి పునఃప్రసారాలు, స్ట్రీమింగ్ కలుపుకుంటే చూసినవారు 1.93 కోట్ల మంది. ఆ చానెల్ చరిత్రలో అప్పటికి అదే రికార్డు. మరోపక్క, ఎనిమిదో సీజన్‌ను సమర్థులైన రచయితల చేత మళ్లీ తీయించాలన్న పిటిషన్ మీద సంతకాలు పోగవుతున్నాయి. చివరికవి 18 లక్షలు దాటాయి. సెప్టెంబరులో ఎమ్మీ వేడుకలో ఇంకా చిత్రం జరిగింది. ఉత్తమ డ్రామా సీరీస్ బహుమతి ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’కే దక్కింది. రచన విభాగంలో మాత్రం దాని ఆఖరి ఎపిసోడ్ నామినేషన్‌తోనే ఆగిపోగా, బహుమతి ‘సక్సెషన్’ రచయిత జెస్సీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు వెళ్లింది. వీక్షకుల్లో ఉన్న చీలికే పరిశ్రమ తీర్పులోనూ కనబడింది.

ఈ తగవును చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు: ఇష్టమైన పాత్రలు చెడిపోయేసరికి అభిమానులు అలిగారని. ఆ మాట నిలవదు. కథానాయకుడనుకున్న నెడ్ స్టార్క్ తలను మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లోనే నరికించిన సీరీస్ ఇది. ఆ దెబ్బ తిని కూడా దాదాపు ఎనిమిదేళ్లు వెంట నడిచిన ప్రేక్షకులకు విషాదాంతం కొత్త కాదు. వాళ్లు పోట్లాడింది ఏం జరిగిందన్న దానికన్నా, అలా జరగడానికి రచయితలు చూపిన కారణాల గురించి. ఈ వ్యాసం పరిశీలించేది ఆ కారణాలనే.

సీరీస్‌కు మూలం జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవలలు. మొదటిది 1996లో, అయిదోది 2011 జులైలో వచ్చాయి. డేవిడ్ బెనియాఫ్, డి.బి. వైస్ వాటిని తెరకు తెచ్చారు. మొదటి నాలుగు సీజన్లలో సీజన్‌కొకటి చొప్పున మార్టిన్ స్వయంగా ఎపిసోడ్ రాశాడు, తర్వాత మానుకున్నాడు. ఆరో సీజన్ నాటికి కథ పుస్తకాలను దాటిపోయింది. పుస్తకం అయిపోగానే రాత పడిపోయిందనే వాదన ఇక్కడే పుట్టింది. కానీ అది సగమే నిజం. పుస్తకాల ఆసరా పెద్దగా లేని ఆరో సీజన్‌లోని ‘బ్యాటిల్ ఆఫ్ ది బాస్టర్డ్స్’ను జనం ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటారు.

నాట్యశాస్త్రం నాటక కథను అయిదు సంధులుగా విడదీసింది: ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం. ముఖంలో నాటిన బీజం గర్భంలో పెరుగుతుంది. విమర్శంలో ఆటంకాలకు లోనై పరీక్షకు నిలుస్తుంది. చెదిరిన పోగులన్నీ నిర్వహణంలో ఒకచోటికి చేరతాయి. అమెరికన్ టీవీ సీరీస్‌కు ఈ కొలబద్ద ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఎనిమిదో సీజన్ మీది ఫిర్యాదులను వరసగా పేర్చి చూస్తే, అవి దాదాపుగా ఒకే సంధి దగ్గరికి వచ్చి చేరతాయి. బీజాలున్నాయి, నిర్వహణమూ ఉంది, విమర్శాన్ని ఎగరగొట్టారు.

ముందు ఇదే బృందం పని బాగా చేసిన చోటు చూద్దాం. 2013 జూన్ 2న ప్రసారమైన ‘ది రెయిన్స్ ఆఫ్ కాస్టమియర్’లో పెళ్లి విందు నడుస్తుంటుంది. తలుపులు మూసేస్తారు. వాద్యగాళ్లు శత్రువులైన లానిస్టర్ల పాట ఎత్తుకుంటారు. నెడ్ భార్య కేట్లిన్ స్టార్క్ ముఖం మారుతుంది. పక్కనున్న రూస్ బోల్టన్ చేతి గుడ్డ పైకి లాగితే కింద ఇనుప గొలుసుల కవచం. ప్రేక్షకుడికి ఊపిరాడని ఆ నిమిషంలో కొత్తగా పుట్టిన కారణం ఒక్కటీ లేదు. విందు ఇస్తున్న వాల్డర్ ఫ్రే కూతుళ్లలో ఒకరిని చేసుకుంటానన్న మాట ఆమె కొడుకు రాబ్ స్టార్క్ ఎప్పుడో తప్పాడు. బోల్టన్ స్వభావమూ మనకు తెలుసు. రచయితలు దాచింది కారణాలను కాదు, వేళను. అందుకే ఆ దిగ్భ్రాంతి అన్యాయంగా తోచలేదు.

ఇప్పుడు ఎనిమిదో సీజన్ నాలుగో ఎపిసోడ్. సింహాసనం కోసం పోరాడుతున్న డెనేరిస్ రెండు డ్రాగన్లతో ఆకాశంలో వస్తుంటుంది. కింద సముద్రంలో శత్రువు యూరన్ నౌకాదళం మాటువేసి, బాణాలతో ఒక డ్రాగన్‌ను కూల్చేస్తుంది. అంత ఎత్తు నుంచి ఓడలు కనబడలేదా? ఎపిసోడ్ వెంట విడుదల చేసిన వివరణ వీడియోలో బెనియాఫ్ చెప్పిన జవాబు: ఆ నౌకాదళం సంగతి ఆమె కాస్త మరిచిపోయిందని. ఆ ఒక్క మాట అప్పట్లో ఎంత వెక్కిరింతకు గురైందో చెప్పనక్కర్లేదు. వెక్కిరింతను పక్కన పెట్టినా, రూస్ బోల్టన్ గుడ్డ కింద కవచం దాచిన బృందం మతిమరుపును ఒక కారణంగా చూపడం విచారకరమే.

దూరాల సంగతీ అలాంటిదే. తొలి సీజన్‌లో రాజు పరివారం ఉత్తరాన వింటర్‌ఫెల్ నుంచి రాజధానికి చేరడానికి వారాలకు వారాలు పట్టింది. ఆ ప్రయాణమే కథ. ఏడో సీజన్ ‘బియాండ్ ది వాల్’లో నెడ్ కొడుకుగా పెరిగిన జాన్ బృందం మంచులో చిక్కుకుంటే, సాయం కోరుతూ పంపిన కాకి డెనేరిస్ ఉన్న డ్రాగన్‌స్టోన్‌కు చేరడం, ఆమె డ్రాగన్లతో రావడం ఇట్టే జరిగిపోయాయి. దర్శకుడు అలన్ టేలర్ తర్వాత దాన్ని నమ్మదగిన అసంభవంగా సమర్థించుకున్నాడు. ఈ ఆలోచన అరిస్టాటిల్‌ది. నమ్మదగని సంభవం కన్నా నమ్మదగిన అసంభవమే మేలన్నది ఆయన మాట. చిక్కల్లా ప్రేక్షకుడు నమ్మలేదన్న చోటనే ఉంది. డ్రాగన్లు ఉన్నాయంటే నమ్మినవాడు కాకి వేగాన్ని నమ్మకపోవడం వింతేమీ కాదు. మొదటిది ఆ లోకం నియమం, రెండోది ఆ నియమాన్ని మీరడం.

చివరి సీజన్‌ను వెనకేసుకొచ్చేవారి బలమైన ఆధారం డెనేరిస్. లొంగుబాటు గంటలు మోగాక కూడా ఆమె రాజధాని నగరాన్ని కాల్చడం హఠాత్తు కాదంటారు వారు. నాలుగో సీజన్‌లో 163 మంది పిల్లల చావుకు బదులుగా 163 మంది యజమానులను కొయ్యలకు కొట్టించింది. ఆరో సీజన్‌లో డోత్రాకీ నాయకులను సజీవంగా తగలబెట్టింది. ఏడోదానిలో లొంగని టార్లీలను డ్రాగన్ మంటకు అప్పగించింది. రెండో సీజన్‌లో ఆమెకు కలిగిన దర్శనంలో సింహాసన మందిరం పైకప్పు లేకుండా, తెల్లటి పొరతో కనబడుతుంది. అది మంచనుకున్నాం, బూడిదని తర్వాత తెలిసింది. ఇవన్నీ నిజమే. ఇంతకంటే గట్టి బీజాలు ఎక్కడున్నాయి?

కానీ బీజం ఉండడం వేరు, ఫలించడం వేరు. ఇంతకు ముందు ఆమె కాల్చిన ప్రతివాడూ ఎదురు తిరిగినవాడో, పీడించినవాడో. నగరం తగలబడిన ‘ది బెల్స్’ ఎపిసోడ్‌లో కాలింది అలాంటి జనం కాదు. ఆ గీత దాటడానికి కావలసిన నష్టాలన్నీ, అంటే ఆప్తుడు జోరా మరణం, జాన్ పుట్టుక రహస్యం, డ్రాగన్ కూలడం, నెచ్చెలి మిస్సాండే తల తెగడం, సలహాదారు వారిస్ ద్రోహం, నాలుగు ఎపిసోడ్లలో కుక్కేశారు. వాటి కింద ఆమె నలిగిన తీరు చూపడానికి చోటు మిగల్లేదు. గంటలు మోగుతుండగా డ్రాగన్ వీపున ఎమీలియా క్లార్క్ ముఖం మీద కొన్ని క్షణాలు, అంతే. రచయితలు రాయాల్సింది ఆ నటి కళ్లకు వదిలేశారు. ఆమె తన పని చేసింది.

రాత దెబ్బతిన్నదనడానికి ఇంతకన్నా చిన్నదైనా బలమైన సాక్ష్యం జేమీ లానిస్టర్. మూడో సీజన్ ‘కిస్డ్ బై ఫైర్’లో స్నానాల గదిలో, తెగిన చేతితో, జ్వరంతో అతను యోధురాలు బ్రియెన్‌కు నిజం చెబుతాడు: పిచ్చిరాజు నగరమంతా తగలబెట్టమన్నందుకే చంపానని, లక్షల ప్రాణాల కోసం రాజహంతకుడన్న పేరు మోశానని. ‘ది బెల్స్’లో అదే నగరం ముంగిట అతను తమ్ముడు టిరియన్‌తో, అమాయకులనీ మరొకరనీ ఆ జనాన్ని తానెప్పుడూ పెద్దగా పట్టించుకోలేదంటాడు. అది ఆత్మద్వేషమా, అబద్ధమా? అలా చదవడానికి సన్నివేశం ఏ దారీ ఇవ్వదు. సంస్కృత ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యభంగం అనేది ఇలాంటి చోటే. స్నానాల గది ఎపిసోడ్ రాసిన బ్రయన్ కాగ్‌మనే ఎనిమిదో సీజన్ రెండో ఎపిసోడ్ కూడా రాశాడు. జేమీ బ్రియెన్‌ను నైట్‌గా చేసే ఆ ఎపిసోడ్ అంటే ఇరుపక్షాల వీక్షకులకూ ఇష్టమే.

ఆశ్చర్యపరచాలన్న తాపత్రయం కూడా ఇందులో పాలు పంచుకుంది. మృతసేన నాయకుడు నైట్ కింగ్‌ను నెడ్ కూతురు ఆర్య చంపుతుందని దాదాపు మూడేళ్ల ముందే నిర్ణయించుకున్నామని, జాన్ చేత చంపిస్తే అందరూ ఊహించినట్టే అవుతుందని ఇద్దరు రచయితలూ చెప్పారు. ఊహించారన్నంత మాత్రాన అది తప్పవుతుందా? మన పౌరాణిక నాటకాల ప్రేక్షకులకు చివర ఏమవుతుందో తెలియని రోజు లేదు.

తగవు ఏం జరిగిందన్న దానిపై కాదు, చూపిన కారణాలపైనే అన్న వాదనను నెడ్ కొడుకు బ్రాన్ పట్టాభిషేకం ఇంకా స్పష్టం చేస్తుంది. అందరికన్నా గొప్ప కథ అతనిదేనని టిరియన్ సభలో వాదించి సింహాసనం ఇప్పిస్తాడు. అయిదో సీజన్ మొత్తంలో ఒక్కసారీ కనబడని పాత్ర అది! అయితే బ్రాన్ రాజవడం మార్టిన్ ఆలోచనేనని బెనియాఫ్, వైస్ తనతో చెప్పినట్టు ఆ పాత్రధారి ఐజాక్ హెంప్‌స్టెడ్ రైట్ వెల్లడించాడు. అంటే గమ్యం మూల రచయితదే, నడిపించిన దారి మాత్రం వీరిది.

సామాజిక శాస్త్రవేత్త జైనప్ తుఫెక్చి 2019 మేలో ‘సైంటిఫిక్ అమెరికన్’లో మరో కోణం చూపింది. మొదట్లో కథను నడిపింది వ్యవస్థలు, సంస్థలు, వాటి ఒత్తిళ్లు. చివర్లో అది వ్యక్తుల మనస్తత్వానికి కుదించుకుపోయిందని ఆమె విశ్లేషణ. అది చాలావరకు ఒప్పుకోదగిందే. కానీ డెనేరిస్ విషయంలో మనస్తత్వ చిత్రణ కూడా సరిగా సాగలేదు కదా.

ఒక సన్నివేశంలో బల్ల మీద మరిచిపోయిన కాఫీ కప్పును, ‘ది లాంగ్ నైట్’ ఎపిసోడ్‌లోని చిమ్మచీకటిని ఈ లెక్కలోకి తేకూడదు. అవి సెట్‌లో, కెమెరా దగ్గర తేలాల్సిన సంగతులు.

ఇక చోటు సంగతి. మొదటి ఆరు సీజన్లు పదేసి ఎపిసోడ్లు, ఏడోది ఏడు, ఎనిమిదోది ఆరు. ఇంకా ఎక్కువ తీయడానికి హెచ్‌బీఓ సిద్ధంగానే ఉంది. తక్కువ చాలనుకున్నది రచయితలే. అయినా, పిటిషన్ చిత్రబృందాన్ని అవమానించిందని సీరీస్ నటి సోఫీ టర్నర్ అనడంలో న్యాయముంది. పదేళ్ల శ్రమను ‘అసమర్థులు’ అన్న ఒక్క మాటతో కొట్టేయడం కుసంస్కారమే. కానీ చర్చలో తూకం ఫిర్యాదుల వైపే మొగ్గుతుంది. సమర్థకులు చూపేవి బీజాలు, విమర్శకులు అడిగేది వాటి ఎదుగుదల. మొదటివాటిని ఎన్ని చూపినా రెండోదానికి జవాబు కాదు. రాటెన్ టొమాటోస్‌లో ఈ సీజన్‌కు అనుకూల సమీక్షలు 55 శాతం దగ్గర ఆగాయి. ముందు సీజన్లన్నీ 90 ప్రాంతంలోనో, ఆ పైనో ఉన్నాయి. ఇదే ముగింపును మార్టిన్ ఎలా నడిపిస్తాడో పోల్చి చూడాలంటే ఆరో నవల రావాలి. 2011 తర్వాత ఆ వరసలో మరో పుస్తకం ఇంకా అచ్చు కాలేదు.