అచ్చువేసినవాడూ ముద్దాయే

సికింద్రాబాద్ మెట్టుగూడ చౌరస్తాలో గోడకు ‘షుగర్ మాయం’ అని కాగితం అంటించినా, అదే మాట ఆటోకు మైకు కట్టి అరిచినా, సీసా లేబులు మీద వేసినా చట్టానికి ఒకటే. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద వెలుగుతో, ధ్వనితో, చివరికి పొగతో చెప్పినా అది ప్రకటనే. ఆకాశంలో పొగతో రాసేవాణ్ని కూడా వదలకూడదనుకున్నారు కాబోలు! తాయెత్తులు, మంత్రాలు, కవచాలతో రోగం కుదురుస్తామన్న ప్రచారమూ నేరమే. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

చట్టం 1955 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అప్పటికి సికింద్రాబాద్ ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది.

మందు అమ్మకాన్ని ఈ చట్టం ఆపలేదు, దాని గురించి చెప్పుకునే గొప్పలకే కళ్లెం వేసింది. ప్రకటన ఇచ్చినవాడితో పాటు అచ్చువేసినవాణ్నీ బోనెక్కించింది. తెలుగు పత్రికలకు ఇది తగలాల్సిన చోటే తగిలింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ తలనొప్పి మందు సంపాదనే 1908లో ఆంధ్రపత్రికకు పెట్టుబడి అయింది. మద్రాసులో ‘లోధ్ర’ మందు అమ్మిన కె.ఎన్. కేసరి 1928లో ‘గృహలక్ష్మి’ పత్రిక స్థాపించారు. మందుల డబ్బు లేకపోతే మన పత్రికల చరిత్ర మరోలా ఉండేది. ఆ రోజుల్లో స్త్రీల రుతుసమస్యలకు మందంటూ పత్రికల్లో ధైర్యంగా వేసుకునేవారు. 1954 చట్టం మూడో సెక్షన్ అలాంటి ప్రకటనలనే పేరుపెట్టి నిషేధించింది.

మందుల సంస్థ హమ్‌దర్ద్ దవాఖానా ఈ చట్టం వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమంటూ సుప్రీంకోర్టుకెక్కింది. సరుకు అమ్ముకోవడానికి వేసే ఇలాంటి ప్రకటనకు ఆ రక్షణ వర్తించదని 1959 డిసెంబరులో కోర్టు తేల్చింది. అయితే ఏయే జబ్బులను నిషేధంలోకి తేవాలో ప్రభుత్వమే ఇష్టమొచ్చినట్టు నిర్ణయించే అధికారాన్నీ, సరుకు జప్తు చేసే సెక్షన్‌నూ కొట్టేసింది. దాంతో 1963లో పార్లమెంటు 54 జబ్బుల జాబితాను చట్టంలోనే చేర్చింది. మధుమేహం, క్యాన్సర్, పక్షవాతం సరే, మనిషి ఎత్తు పెంచడం కూడా అందులో ఉంది.

2024లో పతంజలి కంపెనీ మందుల ప్రకటనలపై నడిచిన కేసు ఈ చట్టాన్ని మళ్లీ వార్తల్లోకి తెచ్చింది. 67 పత్రికల్లో క్షమాపణ వేయించామని కంపెనీ చెబితే, ప్రకటనలంత పెద్దగా వేయించారా అని ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అడిగింది. మర్నాడు మరింత పెద్ద క్షమాపణ అచ్చయింది. దానికీ పత్రికలకు డబ్బు ముట్టింది.