కెరోటిడ్ బాడీ

రక్తంలో ఆక్సిజన్ తగ్గిన సంగతిని శరీరంలో ముందుగా పసిగట్టే చిన్న కణాల ముద్ద. మెడకు రెండు పక్కలా ఒక్కొక్కటి ఉంటుంది. మెదడు వైపు రక్తం మోసుకెళ్లే కెరోటిడ్ ధమని దవడకు దిగువన రెండుగా చీలుతుంది. ఆ పంగలో ఇది బియ్యపు గింజంత పరిమాణంలో ఒదిగి ఉంటుంది. బరువును బట్టి లెక్కేస్తే దీనికి అందే రక్తం మెదడుకు అందేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. గుండె నుంచి అప్పుడే వచ్చిన రక్తాన్ని ఎప్పటికప్పుడు రుచి చూడటమే దీని పని కనుక ఆ మాత్రం వాటా కావలసిందే.

ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం మామూలుగా 75 నుంచి 100 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. 60కి దిగేసరికి కెరోటిడ్ బాడీ గట్టిగా గోల మొదలుపెడుతుంది. వేలికి తగిలించే ఆక్సీమీటర్ లెక్కలో ఇది సుమారు 90 శాతం. లోపల జరిగేది ఇది: దీనిలోని గ్లోమస్ అనే కణాల పొరలోని పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి, కణంలోకి కాల్షియం వస్తుంది, ఏటీపీ వంటి రసాయనాలు వెలువడి పక్కనున్న నాడి కొసలను తట్టి లేపుతాయి. తొమ్మిదో కపాల నాడి ఆ కబురును మెదడు అడుగుభాగమైన మజ్జాముఖానికి అందిస్తుంది. కొన్ని సెకన్లలోనే ఊపిరి వేగం, లోతు పెరుగుతాయి.

అయితే ఈ కాపలాదారు చూసేది రక్తంలో కరిగి ఉన్న ఆక్సిజన్ పీడనాన్నే గానీ, హిమోగ్లోబిన్ మోస్తున్న మొత్తం సరుకును కాదు. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవారి హిమోగ్లోబిన్‌ను కార్బన్ మోనాక్సైడ్ ఆక్రమించేస్తుంది. కరిగిన ఆక్సిజన్ పీడనం మాత్రం పెద్దగా మారదు. కాబట్టి ఆయాసం రాదు, మెలకువా రాదు.

అసలు ఊపిరాడని బాధ ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల కలిగేది. నిమిషనిమిషం శ్వాసను నడిపించేదీ అదే, దాన్ని ఎక్కువగా కనిపెట్టేది మెదడే. బావిలో ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారని పందెం కాసే కుర్రాళ్లు ముందుగా గబగబా ఊపిరి పీల్చి వదులుతారు. దానివల్ల ఆక్సిజన్ నిల్వ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పోతుంది. పైకి రావాలన్న తహతహ పుట్టేలోగానే నీళ్లలో స్పృహ తప్పవచ్చు. కోవిడ్ రోజుల్లో ఆక్సీమీటర్ 80 చూపిస్తున్నా ఫోన్‌లో తాపీగా మాట్లాడిన రోగులు వైద్యులను ఆశ్చర్యపరిచారు. చాలామందిలో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉండటం దానికి ఒక ముఖ్య కారణం. 1875 ఏప్రిల్‌లో జెనిత్ బెలూన్‌లో ఫ్రాన్స్ గగనంలోకి ఎనిమిది వేల మీటర్లు దాటి వెళ్లిన ముగ్గురికి ఆక్సిజన్ సంచులు చేతికందే దూరంలోనే ఉన్నాయి. బాధ తెలియకుండానే చేతులు స్వాధీనం తప్పాయి. బతికి దిగింది గాస్టన్ టిసాండియే ఒక్కడే.

గంటలు, రోజుల తరబడి సాగే లేమికి వేరే ఏర్పాటుంది. కిడ్నీలు ఎరిత్రోపోయిటిన్‌ను పెంచి ఎముక మూలుగలో ఎర్రకణాల తయారీని పురమాయిస్తాయి. ఈ పనిని నడిపే హెచ్.ఐ.ఎఫ్. అనే ప్రోటీన్ గుట్టు విప్పినందుకు కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ వచ్చింది.

1743లో టౌబే అనే వ్యక్తి కెరోటిడ్ బాడీని గుర్తించినా, చాలాకాలం దాన్ని ఏదో గ్రంథి అనుకున్నారు. 1920లలో స్పెయిన్‌కు చెందిన ఫెర్నాండో డి కాస్ట్రో దాని నాడులను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ఇది రక్తం రుచి చూసే అవయవమని ఊహించాడు. ప్రయోగాలతో రుజువు చేసిన బెల్జియం శాస్త్రవేత్త కార్నెయ్ హేమన్స్‌కు 1938 నోబెల్ దక్కింది. డి కాస్ట్రోకు దక్కకపోవడం అన్యాయమనే చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో జపాన్‌లో సర్జన్ నకయామా ఉబ్బసం తగ్గుతుందని వేలమందికి దీన్ని కోసి తీసేశారు. రెండు పక్కలా తీయించుకున్నవారు మామూలుగానే ఊపిరి పీలుస్తారు. గాలిలో ఆక్సిజన్ తగ్గించినప్పుడు మాత్రం వారి శ్వాస దాదాపు ఏమాత్రం వేగం పుంజుకోదు.