దర్ద్ ఝూట్ కాదు

అమ్మీ మోకాళ్ల దర్ద్‌కి ఫిజియోథెరపీలో లేజర్ పెట్టారు. వేడి లేదు, మంట లేదు. చిన్న ఎర్ర వెలుగు, అంతే. ఇంటికొచ్చి "జర ఆరాం ఉంది బేటా" అంది. "అదంతా నీ వహమ్ అమ్మీ" అని భయ్యా నవ్వాడు. అమ్మీ మొహం చిన్నబోయింది.

ఆ 'వహమ్' అనే మాట వెనక పెద్ద కహానీ ఉంది.

నొప్పులన్నీ ఒకటి కావని ఇబ్నె సీనా వెయ్యేళ్ల కిందటే రాశాడు. యునానీ హకీములు చదివే 'అల్ ఖానూన్ ఫిత్తిబ్'లో గుచ్చే నొప్పి, అదిమే నొప్పి, బరువు నొప్పి, తిమ్మిరి నొప్పి అంటూ 15 రకాలు చెప్పాడు. ఇవి ఏ మెషీనూ కొలిచేవి కావు. మరీజ్ నోరు విప్పి చెబితేనే తెలిసేవి.

ఇక లేజర్. 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ మొదటి లేజర్ వెలిగించాడు. 1967లో హంగేరీలోని బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే డాక్టర్ ఎలుకల వీపు గొరిగి, తక్కువ శక్తి లేజర్ పెట్టి చూశాడు. క్యాన్సర్ రాలేదు. పైగా వెంట్రుకలు జల్దీ మొలిచాయి! తర్వాత మానని పుండ్ల మీద వాడాడు. అలా అలా అది నొప్పుల ఇలాజ్‌లోకీ వచ్చింది.

మరి నిజంగా పనిచేస్తుందా? తేల్చడానికి కొందరికి అసలు లేజర్, కొందరికి వెలగని లేజర్ పెడతారు. ఎవరికి ఏది పెట్టారో వాళ్లకు చెప్పరు. మోకాళ్ల నొప్పుల మీద ఇలా చేసిన పరీక్షల ఫలితాలు అన్నీ ఒక్క తీరుగా లేవు. వెలగని లేజర్ పెట్టించుకున్నవాళ్లలోనూ కొందరు తగ్గిందంటారు.

వాళ్లు ఝూట్ చెప్పారా? 1978లో అమెరికాలో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ అనే ముగ్గురు దీన్నే పట్టి చూశారు. పన్ను పీకించుకున్నవాళ్లకు ఉత్తుత్తి మందిచ్చారు. కొందరికి నొప్పి తగ్గింది. తర్వాత నల్లమందు ప్రభావాన్ని విరిచే నలోక్సోన్ ఇస్తే, తగ్గిన నొప్పి మళ్లీ పెరిగింది. అంటే ఆ ఆరాం ఖయాల్ మాత్రమే కాదు. నల్లమందు లాంటి పదార్థాన్ని ఒళ్లే తయారుచేసుకుంటోందన్న మాట.

భయ్యాకి ఇదంతా చెప్పాను. లేజర్ గొప్పదా కాదా అన్నది వేరే సవాల్. అమ్మీ దర్ద్ నిజం, అమ్మీకి దొరికిన ఆరాం కూడా నిజం. ఇంట్లో పెద్దవాళ్లు నొప్పి అంటే ముందు యకీన్ చేద్దాం. ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి తీసుకెళదాం.

రాత్రి భయ్యా ఏమీ అనలేదు. అమ్మీ కాళ్ల దగ్గర కూర్చుని మెల్లగా నూనె రాశాడు.