వైకల్య పింఛను (భారత సైన్యం)

వైకల్య పింఛను అనునది భారత సైనిక దళాలలో పనిచేయుచుండగా గాయం లేక జబ్బు కారణంగా ఉద్యోగానికి పనికిరారని నిర్ణయించి ఇంటికి పంపబడిన సిపాయిలకు, అధికారులకు కేంద్ర ప్రభుత్వం చెల్లించే పింఛను. వ్యవహారంలో దీనిని డిజేబిలిటీ పెన్షన్ అంటారు. ఇది దక్కుట, దక్కకపోవుట మెడికల్ బోర్డు నివేదికలోని ఒక్క ప్రశ్నపై ఆధారపడి ఉంటుంది: ఆ జబ్బు సైనిక సేవ వలన కలిగినదా, లేదా సేవ వలన ముదిరినదా? ఈ రెండింటికీ "కాదు" అని వ్రాసినందువల్లనే ఎక్కువ వివాదాలు పుట్టినవి. ఒకసారి ఇచ్చిన సొమ్మును తరువాత తిరిగి వసూలు చేయుట ఇదే వివాదానికి రెండవ ముఖము.

రాయలసీమలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుండి కూడా యువకులు సైన్యంలో చేరుతున్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఈ మూడు పట్టణాలూ చిత్తూరు జిల్లాలోనివే. 2021 డిసెంబరు 8న కూనూరు వద్ద జరిగిన హెలికాప్టర్ ప్రమాదంలో జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మరణించిన లాన్స్ నాయక్ బి. సాయితేజ, మదనపల్లెను ఆనుకొని ఉన్న కురబలకోట మండలంలోని ఎగువరేగడ గ్రామస్థుడు. విధి నిర్వహణలో జరిగిన ఇటువంటి మరణాలలో సేవా సంబంధం గురించి సందేహం రాదు. చిక్కంతా ప్రాణాలతో, కాని మూర్ఛతోనో, రక్తపోటుతోనో, మానసిక వ్యాధితోనో తిరిగివచ్చిన సిపాయి విషయంలో వస్తుంది.

నియమాలు

1961 నాటి సైనిక పింఛను నిబంధనలలో 173వ నిబంధన ప్రకారం యుద్ధేతర కారణాల వలన కలిగిన వైకల్యానికి పింఛను రావలెనంటే రెండు షరతులున్నాయి. వైకల్యం సైనిక సేవ వలన కలిగినదై లేక ముదిరినదై ఉండవలెను; దాని పరిమాణం 20 శాతం లేక అంతకు మించి ఉండవలెను. సేవా సంబంధాన్ని ఎట్లు నిర్ణయించవలెనో 1982 నాటి అర్హతా నియమాలు చెప్పుచున్నవి. వీటిలో సిపాయికి అత్యంత ఉపయోగపడేవి రెండు. చేరిన నాటి వైద్య పరీక్షలో జబ్బు సంగతి వ్రాసి ఉండకపోతే, తరువాత బయటపడిన జబ్బు సేవాకాలంలోనే పుట్టినదని సాధారణంగా భావించవలెను. అలాగే హక్కును నిరూపించుకొనే భారం సిపాయిపై లేదు. సందేహం ఉన్నచోట లాభం అతనికే చెందును. ఈ నియమాలకు అనుబంధంగా ఉన్న పట్టికలో శ్రమ, ఒత్తిడుల ప్రభావం గల జబ్బులలో రక్తపోటు, మానసిక వ్యాధులు, గుండెపోటు, క్షయ కూడా ఉన్నాయి. ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి వలన పేరుపొందిన మదనపల్లె ప్రాంతపు పాఠకులకు చివరి జబ్బు పేరు ఆసక్తి కలిగించవచ్చును.

2023 సెప్టెంబరు 21 నుండి కొత్త అర్హతా నియమాలు అమలులోకి వచ్చాయి. ఆ తేదీన గాని, తరువాత గాని సేవనుండి వైదొలగినవారికి ఇవి వర్తిస్తాయి. అంతకు ముందు వచ్చేసినవారి తగాదాలు పాత నియమాల ప్రకారమే తేలవలెను కనుక, పాత తీర్పుల విలువ తగ్గలేదు.

సేవా సంబంధం లేదని తేలినవారికి మిగిలేది ఇన్వాలిడ్ పింఛను. దీనికి చిరకాలం పదేళ్ల సేవ తప్పనిసరి. అంతకు తక్కువైతే ఒకేసారి ఇచ్చే గ్రాట్యుటీతో సరి. 2019 జనవరి 4 నాటికి లేక ఆ తరువాత సేవలో ఉన్నవారికి, సైనికోద్యోగానికే గాక పౌర ఉద్యోగానికి కూడా శాశ్వతంగా అనర్హులైతే, పదేళ్లు నిండకున్నా దీనిని ఇవ్వవచ్చునని 2020 జూలైలో రక్షణ శాఖ నిర్ణయించినది.

లెక్క

వైకల్య భాగం నూరు శాతానికి చివరి జీతంలో 30 శాతం. దీని ప్రకారం 20 శాతం వైకల్యానికి జీతంలో 6 శాతమే వస్తుంది. అనగా 30,000 రూపాయల జీతంపై నెలకు 1,800 రూపాయలు. అయితే శాతాన్ని పై మెట్టుకు సవరించే పద్ధతి ఒకటి ఉన్నది: 50కి తక్కువైతే 50గా, 50 నుండి 75 వరకు 75గా, అంతకు మించితే 100గా లెక్కిస్తారు. ఆ విధంగా పై సిపాయికి 4,500 రూపాయలు వచ్చును. ఈ సవరణ మొదట మధ్యలో ఇంటికి పంపబడినవారికే పరిమితమై ఉండగా, పూర్తికాలం పనిచేసి వైకల్యంతో విరమించినవారికి కూడా వర్తిస్తుందని 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది.

ముఖ్యమైన తీర్పులు

ఈ విషయంలో మూలస్తంభం వంటిది 2013 జూలై 2 నాటి ధరంవీర్ సింగ్ తీర్పు. సిగ్నల్స్ దళంలో 1985లో చేరిన ఈ సిపాయిని 1994లో మూర్ఛ వ్యాధి కారణంగా 20 శాతం వైకల్యంతో పంపివేసారు. జబ్బు శరీర తత్వానికి సంబంధించినది తప్ప సేవకు సంబంధం లేదని బోర్డు వ్రాసినది. చేరినపుడు ఆ జబ్బు ఉన్నట్లు ఎక్కడా నమోదు కాలేదని, సంబంధం లేదనుటకు బోర్డు కారణాలు చూపలేదని సుప్రీం కోర్టు గమనించి పింఛను మంజూరు చేసినది. కారణం వ్రాయని బోర్డు అభిప్రాయం చెల్లదనుట ఈ తీర్పు సారాంశము. తరువాత వచ్చిన అనేక తీర్పులు, 2025 ఏప్రిల్ నాటి బిజేందర్ సింగ్ తీర్పు సహా, దీనినే అనుసరించాయి. 2014 నాటి సుఖ్విందర్ సింగ్ తీర్పు మరొక అడుగు ముందుకు వేసి, సిపాయిని జబ్బు పేరుతో ఇంటికి పంపినపుడు ఆ వైకల్యం 20 శాతానికి మించినదనే భావించవలెనని చెప్పినది. ఉద్యోగానికి పనికిరానంత జబ్బు, పింఛనుకు చాలనంత చిన్నది ఎట్లగును అన్నది ఇందలి తర్కము.

2008 నాటి రాజ్‌పాల్ సింగ్ తీర్పు వేరొక కోణానికి చెందినది. వైద్య శ్రేణి తగ్గిన సిపాయిని ఒప్పందకాలం ముగియకముందే పంపవలెనంటే ఇన్వాలిడింగ్ మెడికల్ బోర్డు తప్పనిసరి అని, విరమణ సమయపు బోర్డుతో సరిపెట్టరాదని ఇందులో నిర్ణయించారు. అయితే 2008లోనే వచ్చిన తర్సేం సింగ్ తీర్పు ఆలస్యంగా మేలుకొన్నవారికి ప్రతికూలము: హక్కు పోదు గాని, బకాయిలు సాధారణంగా దావాకు ముందు మూడేళ్లకే పరిమితమగును.

సొమ్ము తిరిగి వసూలు

పూర్వం వైకల్య భాగాన్ని తాత్కాలికంగా మంజూరు చేసి, కొంతకాలానికొకసారి పునఃపరీక్ష జరిపి, 20 శాతానికి తగ్గితే ఆపివేసేవారు. 2001 ఫిబ్రవరిలో వచ్చిన ఉత్తర్వులతో ఈ పద్ధతి మారి, శాశ్వత స్వభావం గల వైకల్యాల విషయంలో, సిపాయి స్వయంగా కోరితే తప్ప తొలి అంచనాయే జీవితాంతం నిలుచును.

లెక్క తప్పు వలన ఎక్కువ చెల్లించి, ఏళ్ల తరువాత పింఛనులో కోత పెట్టుట ఇప్పటికీ జరుగుచున్నది. దీనిపై 2014 డిసెంబరు 18 నాటి రఫీక్ మసీహ్ తీర్పు ప్రధానమైనది. అది పంజాబ్ రాష్ట్ర పౌర ఉద్యోగుల కేసు అయినప్పటికీ ట్రైబ్యునళ్లు సైనికులకు కూడా అన్వయించాయి. ఉద్యోగి తప్పు లేనప్పుడు, విరమించినవారి నుండి గాని, దిగువ శ్రేణి ఉద్యోగుల నుండి గాని, ఐదేళ్లకు మించి చెల్లించిన సొమ్మును గాని వసూలు చేయరాదని అందులో చెప్పారు. కాని 2016 నాటి జగ్‌దేవ్ సింగ్ తీర్పు ప్రకారం, ఎక్కువ వస్తే తిరిగి ఇస్తానని ముందే హామీపత్రం వ్రాసి ఇచ్చినవారికి ఈ రక్షణ లేదు. పింఛను మొదలయ్యేటపుడు బ్యాంకులో చదవకుండా సంతకం పెట్టే కాగితాలలో ఈ హామీ కూడా ఉండుట సర్వసాధారణము.

అమెరికాలో ఇదే సమస్య మరొక రూపంలో కనిపిస్తుంది. అక్కడ మళ్లీ ఒప్పందం చేసుకొనే సైనికునికి బోనస్ ఇస్తారు. ఒప్పందకాలం పూర్తికాకపోతే మిగిలిన భాగం తిరిగి అడగవచ్చును. దుష్ప్రవర్తన వలన గాక గాయం, జబ్బు వలన తొలగినవారికి మినహాయింపు ఇచ్చే నిబంధనలున్నా వివాదాలు తప్పలేదు. కాలిఫోర్నియా నేషనల్ గార్డులో అర్హత లేకుండా ఇచ్చారని వేలమంది నుండి బోనసులు వసూలు చేయబోగా, గొడవ పెరిగి 2016 అక్టోబరులో రక్షణ మంత్రి ఆష్ కార్టర్ ఆ వసూళ్లను నిలిపివేసారు. భారత సైన్యంలో ఇటువంటి బోనస్ లేదు.

అగ్నివీరులు, కేడెట్లు

2022లో మొదలైన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్ల ఒప్పందంపై చేరినవారికి పింఛను లేదు. వైకల్యం సేవ వలన కలిగినదైతే 100, 75, 50 శాతాలకు వరుసగా 44, 25, 15 లక్షల రూపాయలు ఒకేసారి ఇస్తారు. కనుక ఆ పాత ప్రశ్నయే ఇక్కడ మరింత పదునుగా నిలిచినది. నాలుగేళ్ల తరువాత నాలుగవ వంతు మందిని మించకుండా శాశ్వత సేవలోకి తీసుకుంటారు.

మదనపల్లెకు సమీపంలోని కలికిరిలో 2014లో సైనిక పాఠశాల ఏర్పడినది. ఇటువంటి పాఠశాలల నుండి జాతీయ రక్షణ అకాడమీకి వెళ్లిన విద్యార్థి శిక్షణలో గాయపడి తొలగింపబడితే, అతనిని ఇంకా సైనికునిగా పరిగణించరు గనుక పింఛను బదులు ఎక్స్‌గ్రేషియా మాత్రమే లభిస్తుంది. 2025 ఆగస్టులో సుప్రీం కోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు స్వీకరించినది. అదే నెలలో వారికి మాజీ సైనికుల వైద్య పథకాన్ని వర్తింపజేసారు.

అప్పీలు, ట్రైబ్యునల్

తిరస్కరణ ఉత్తర్వు అందిన ఆరు నెలలలోగా మొదటి అప్పీలు, అది విఫలమైతే రెండవ అప్పీలు రికార్డు కార్యాలయం ద్వారా పంపవలెను. సిపాయి కాగితాలు అతని దళాన్ని బట్టి వేర్వేరు ఊళ్లలో ఉంటాయి: మద్రాసు రెజిమెంటువి వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూపువి బెంగుళూరులో, ఇ.ఎం.ఇ. దళానివి సికిందరాబాదులో. దరఖాస్తులు వ్రాయుటకు చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సాయపడుతుంది.

అప్పీళ్ల తరువాత సాయుధ దళాల ట్రైబ్యునల్‌ను ఆశ్రయించవచ్చును. 2007 నాటి చట్టంతో ఏర్పడిన ఈ ట్రైబ్యునల్ 2009 ఆగస్టులో పని ప్రారంభించినది. విరమించిన సైనికుడు తాను నివసించే ప్రాంతపు బెంచిలో దరఖాస్తు చేసుకొనవచ్చును. ఆంధ్ర ప్రదేశ్, తమిళనాడు చెన్నై బెంచి పరిధిలోను, కర్ణాటక కొచ్చి బెంచి పరిధిలోను ఏర్పాటయ్యాయి. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం వద్ద దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది: సరిహద్దుకు ఈవల ఉన్న సిపాయి చెన్నైకి, ఆవల ఉన్నవాడు కేరళకు వెళ్లవలసినట్లు విభజన జరిగినది. కుప్పం బెంగుళూరు - చెన్నై రైలు మార్గంలో ఉన్నందున ప్రయాణం సులభమే. రైలు సౌకర్యం లేని పుంగనూరువారికి అది దూరాభారము. ట్రైబ్యునల్ తీర్పుపై హైకోర్టులో రిట్ వేయుటకు అడ్డులేదని 2023 మార్చిలో సుప్రీం కోర్టు స్పష్టం చేసినది.

పింఛను రానివారి సర్వీసు పత్రాలను సైన్యం 25 సంవత్సరాలు మాత్రమే భద్రపరచి తరువాత ధ్వంసం చేస్తుంది. ఆపైన లాంగ్ రోల్ అనబడే పుస్తకంలోని కొద్దిపాటి వివరాలే మిగులుతాయి. అందువలన మెడికల్ బోర్డు నివేదిక నకలు, డిశ్చార్జి పుస్తకం సిపాయి ఇంట్లో ఉన్నాయా లేదా అన్నదానిని బట్టి పాత కేసులు గెలుచుట, ఓడుట జరుగుచున్నది.